కొబ్బరినూనె గడ్డకట్టిన చలికాలం

ఫిజీలోని లంబాసాలో చలికాలం వచ్చిందని మాకు ముందుగా చెప్పేది నూనె సీసా. పొద్దున లేచేసరికి సీసాలో కొబ్బరినూనె తెల్లగా పేరుకుని ఉంటే అమ్మ దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని మెల్లగా వంచేది. నూనె కదలకపోతే సీసాను మళ్ళీ చెక్క మీద పెట్టేసి, ఇక ఆ రోజంతా ఎవరితోనూ సరిగా మాట్లాడేది కాదు.

ఇది గిర్మిట్, అంటే మమ్మల్ని చెరుకు తోటలకి కట్టేసిన కూలి ఒప్పందం, రద్దు కావడానికి నాలుగేళ్ళ ముందు మాట. నాకు తొమ్మిది నిండి పదో ఏడు నడుస్తోంది. ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు మావాళ్ళు కొందరు ఎముకలు కొరికే చలి అంటారు. నేను ఒప్పుకోను. ఫిజీలో మంచు పడదు. బిందెలో నీళ్ళు గడ్డకట్టవు. కొబ్బరినూనె గడ్డకడుతుంది, అంతే. అంతకు మించి చెబితే అబద్ధమవుతుంది. కానీ రేకుల కప్పు కింద, చెక్క బల్ల మీద, ఒక కంబళి ముగ్గురు కప్పుకుని పడుకునేవాళ్ళకి ఆ చలి చాలు.

అమ్మకి నెలలు తలకిందులైపోయాయి. ఆవిడ పుట్టింది విశాఖపట్నం అవతల సముద్రం పక్క పల్లెలో. జ్యేష్ఠమంటే ఆవిడకి ఎండ, ఉడికిన ఇసుక, మామిడిపండ్లు. ఇక్కడ జ్యేష్ఠం వస్తే చెరుకు పూత పూస్తుంది. బూడిదరంగు కుచ్చులు తోటల మీద ఒక్కసారిగా లేచి, ఆగ్నేయం నుంచి వీచే పొడిగాలికి అన్నీ ఒకే వైపు వంగుతాయి. చూసేవాళ్ళకి అందంగానే ఉంటుంది. మాకు మాత్రం ఆ పూత కనిపిస్తే దిగులు. పూత తర్వాత కోత, కోతతో పాటు మిల్లు కూత, మిల్లు మొదలైతే సర్దారు నోరూ, కులంబర్ గుర్రమూ రెండూ మా మీదే. కూలీల మేస్త్రీని సర్దారు అనీ, తెల్ల ఓవర్సీయరుని కులంబర్ అనీ అనేవాళ్ళం. మిల్లు ఇంకా మొదలు కాని ఆ రెండు మూడు వారాలే అన్నిటికన్నా పాడు రోజులు. మగవాళ్ళు కత్తులు నూరుకుంటూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవారు. ఆడవాళ్ళు చిన్నదానికీ పెద్దదానికీ పోట్లాడుకునేవారు. దగ్గు మాత్రం ఒక గదిలో మొదలై లైను చివరిదాకా వెళ్ళేది.

లైన్లంటే ఏమిటో ఇప్పటివాళ్ళకి తెలియదు కాబట్టి చెబుతాను. ఒక పొడుగాటి రేకుల కొట్టం, అందులో వరసగా గదులు. ఆ గది ఖాళీ చేసిన రోజు నేను తాడు పెట్టి కొలిచాను: పొడవు పది అడుగులు, వెడల్పు ఏడు. అందులో అయ్య, అమ్మ, నేను. గదికీ గదికీ మధ్య చెక్క అడ్డుగోడ ఉండేది కానీ అది కప్పుదాకా వెళ్ళేది కాదు. పైన మిగిలిన ఖాళీకి ఇనుప తీగల వల కొట్టారు. దాన్ని అందరూ జాలీ అనేవారు. ఆ జాలీలోంచి అన్నీ వచ్చేవి. పక్కవాళ్ళ పోపు వాసన, పక్కవాళ్ళ కలహం, పక్కవాళ్ళ దగ్గు. గాలి కూడా వచ్చేది.

ఆ గాలే తమ్ముణ్ణి చంపిందని అమ్మ నమ్మకం. అంతకు ముందటి ఏడు ఇదే రోజుల్లో తమ్ముడు పుట్టాడు. పేరు పెట్టకముందే పోయాడు. తెల్లవారి అమ్మ లేచి ముట్టుకుంటే కాళ్ళు చల్లగా ఉన్నాయి. "ముందు కాళ్ళు సల్లబడినాయి. అప్పుడైనా నాకు మెలకువొచ్చుంటే," అని ఆవిడ చాలాసార్లు అనేది. ఆ తర్వాత ఆవిడకి ఒక అలవాటైంది. మధ్యమధ్య లేచి మా కాళ్ళు పట్టుకుని చూసేది. అయ్య విసుక్కునేవాడు. నేను విసుక్కోలేదు. నిద్రలో ఆ చెయ్యి తగలకపోతేనే నాకు భయం వేసేది.

ఆ ఏడు చెరుకు పూత వచ్చేసరికి అమ్మకి మళ్ళీ నెలలు నిండాయి. నూనె గడ్డకట్టిన పొద్దున ఆవిడ సీసా వంచి చూసి, కడుపు మీద చెయ్యి వేసుకుని, "ఇంకొక నెల ఆగి రాకూడదా నువ్వు," అంది. బిడ్డతో ఆవిడ అన్న మొదటి మాట అదే. నేను విన్నాను.

మా లైనులో పురుళ్ళు పోసేది ఒక ముసలమ్మ. ఆవిడది మా అమ్మ వాళ్ళ ఊరి పక్క ఊరే. అమ్మ అత్తా అనేది, నేను మామ్మా అనేదాన్ని. ఓపిక తగ్గాక ఆవిడని పొలం పని నుంచి తప్పించి, తల్లులు పనికి వెళ్ళినప్పుడు చంటిపిల్లల్ని చూసే కొట్టంలో పెట్టారు. ఆవిడ నోటికి సర్దారు కూడా దూరంగా నడిచేవాడు. పురుడు దగ్గరపడిందని ఆవిడ వచ్చి గది నాలుగు మూలలూ చూసింది.

"నిప్పెక్కడెడతారు?" అంది.

"నిప్పు కుదరదత్తా," అన్నాడు అయ్య. "మొన్నటేడు ఆ సివరి గది అంటుకున్న కాడినుంచి గదుల్లో నిప్పు ఎట్టొద్దన్నారు. కులంబర్ సూసినాడంటే కోర్టుకి లాగుతాడు."

"కులంబర్ పురుడోసుకున్నాడేటి, ఆడికి తెలడానికి? బాలెంతకి నిప్పు నేకుండా సల్లగాలిలో పడుకోబెడతారా? ఏ దేశంలోనైనా ఉన్నాదా అది?"

"ఈ దేశంలో ఉన్నాదిగదా."

"అందుకే పోయినేడు ఆ గుంటడు పోయినాడు," అంది మామ్మ.

అమ్మ నేల వైపు చూస్తూ కూర్చుంది. మరునాడే అయ్య కిరసనాయిలు డబ్బా సగానికి కోసి, చుట్టూ మేకుతో చిల్లులు పొడిచి కుంపటి చేశాడు.

మామ్మ పిడకలు తెమ్మంది. తమ ఊళ్ళో పురిటి గదిలో పెట్టేది పిడకల నిప్పేనట. కానీ ఎద్దులన్నీ ఎస్టేటు కొట్టంలో ఉండేవి, వాటి పేడ కూడా ఎస్టేటుదే. ముట్టుకుంటే దొంగతనం. చివరికి అయ్య ఆదివారం నది మొగ దాకా నడిచి, అక్కడ ఒక ఫిజీ ముసలాయనకి పొగాకు ఇచ్చి, మడ కట్టెల బొగ్గు ఒక సంచెడు మోసుకొచ్చాడు. బురదలో పెరిగే మడ చెట్టు కట్టె గట్టిది. బొగ్గు కూడా ఇనుములా మోగుతుంది. మామ్మ రెండు బొగ్గులు రాజేసి చూసి, ముఖం దగ్గర పెట్టుకుని వాసన పీల్చింది.

"ఓలమ్మో, పొగే నేదు! పిడకలైతే మన కళ్ళు పోను. ఇది దొరల బొగ్గు. గదిలో నిప్పున్నట్టు ఆ కులంబర్ తాత కూడా కనిపెట్టనేడు."

మేమంతా సంతోషించాం. అయ్య కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఇక మిగిలింది జాలీ. నిప్పు పెట్టినా వేడి అటు పోతుంది, నిప్పు వెలుగు పక్క గదులకి కనబడుతుంది. అయ్య బల్ల మీద నిలబడి, రెండు పక్కలా జాలీకి గోనెసంచులు కుట్టేశాడు. కుడిపక్క గదిలో అప్పుడు ఎవరూ లేరు. ఎడమపక్క గదిలో ఒక హిందుస్తానీ ఆవిడ, మొగుడు పోయిన మనిషి, ఒంటరిగా ఉండేది. నేను కాకీ, అంటే పిన్నీ, అనేదాన్ని, అమ్మ దీదీ అనేది. ఆవిడా అమ్మా పని నుంచి వచ్చాక ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని జాలీలోంచి మాట్లాడుకునేవారు. ఆవిడకి సగం తెలుగు అలాగే వచ్చింది, అమ్మకి హిందీ అలాగే వచ్చింది. సంచి కుడుతుంటే అవతల నుంచి కేక.

"అరే బహినీ! పర్దా వేస్తున్నావా? నా మొహం అంత పాడుగా ఉందా?"

"గాలి దీదీ, గాలి. హవా."

"హవా నా ఇంట్లో పుడుతోందా? నేనేమైనా ఊదుతున్నానా?"

అమ్మకి నవ్వు వచ్చింది, కానీ కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. పోయిన ఏడు సంగతి కాకీకి తెలుసు. తమ్ముణ్ణి తీసుకెళ్ళేటప్పుడు తల మీద కప్పుకునే తన పాత ఓఢ్నీ చింపి కప్పింది ఆవిడే. తర్వాత కాకీ మా గుమ్మంలోకి వచ్చి ఒక సంచి విసిరింది. "ఏక్ సే నహీ హోగా. ఒకటి చాలదు. నా వైపు నుంచి నేను కూడా కుడతాను," అంది. అలా ఆ జాలీకి ఇటు ఒక సంచి, అటు ఒక సంచి పడ్డాయి. ఆ సాయంత్రం నుంచి మా గదిలోకి పక్క గది చప్పుడు రావడం తగ్గిపోయింది. నాకు చెవులు మూసినట్టు ఉండేది.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఆగ్నేయపు గాలులు అప్పుడే బలం పుంజుకున్నాయి. పగలు ఎండ కాసినా పొద్దున్నా సాయంత్రమూ ఒళ్ళు వణికేది. మామ్మ అమ్మ చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ చుట్టి, బల్ల పక్కనే కుంపటి పెట్టింది. మొదటి రోజుల్లో అయ్యా మామ్మా వస్తూ పోతూ ఉండడం వల్ల తలుపు తెరుచుకుంటూనే ఉండేది. మామ్మ దానికి కూడా తిట్టేది. నాకు అప్పగించిన పని రెండే. బొగ్గు ఆరిపోకుండా చూడాలి, తలుపు తీయకూడదు.

"తీసినావంటే గాలి కొడతాది. గాలి కొడితే మీయమ్మకి సన్నిపాతం వస్తాది. సన్నిపాతం వస్తే మరి నేవదు. ఇన్నావా?"

విన్నాను. ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

మిల్లు మొదలయ్యే వారం వచ్చింది. ఆ రోజు కులంబర్ లైన్లన్నీ చూస్తాడని పొద్దున హాజరు దగ్గర సర్దారు చెప్పాడట. అయ్య పనికి వెళ్ళేముందు అమ్మ మొహం చూసి నిలబడిపోయాడు.

"తల నొప్పిగా ఉన్నాది," అంది అమ్మ. "నిన్నటి నుంచీని."

మామ్మ నుదురు పట్టుకుని చూసింది. "బాలెంతకి తలనొప్పి రాదేటి? ఎక్కడో గాలి సొరబడినాది." ఆవిడ కుంపట్లో బొగ్గు గుప్పిళ్ళతో నింపింది. తలుపు కింద సందులో పాత చాప మడిచి దూర్చింది. "కులంబర్ గుర్రం సప్పుడైతే నోరు మూసుకుని కూకో. తలుపు కొట్టినా తియ్యకు. నాను పొద్దుపోయాక వస్తాను," అని బయటికి వెళ్ళి, బయట నుంచి కూడా కాలితో చాపని లోపలికి తోసింది.

మా చెల్లెలు ఈ కథ చెప్పేటప్పుడు ఇది అర్ధరాత్రి జరిగిందంటుంది. తనకి ఎలా తెలుస్తుంది? పట్టపగలు జరిగింది. గదిలో మాత్రం చీకటి. రేకుల మేకు చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా నేల మీద పడేది.

కాసేపటికి గది వెచ్చబడింది. నేను గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని నూనె సీసా వైపు చూశాను. గడ్డకట్టిన నూనె అంచుల నుంచి కరుగుతూ, మధ్యలో తెల్ల ముద్ద తేలుతోంది. చూస్తూ ఉండగానే ఆ ముద్ద కూడా కరిగిపోయింది. చలికాలాన్ని మేం గెలిచాం అనుకున్నాను. అమ్మ బుగ్గలు ఎర్రబడ్డాయి. ఒంట్లో వేడి పడుతోందని సంబరపడ్డాను. ఆవిడ ఏదో అంది, నాకు సరిగా వినపడలేదు. నాకూ తల బరువుగా ఉంది. నిద్ర రాకూడదని, బొగ్గు ఆరిపోతుందని, నా చెయ్యి నేనే గిల్లుకున్నాను.

అప్పుడు చెల్లెలు ఏడవడం లేదని గమనించాను. పాలు తాగే వేళ దాటిపోయింది. అలాంటప్పుడు అది ఊరుకునే పిల్ల కాదు. అమ్మ చూసినట్టే నేనూ దాని కాళ్ళు పట్టుకుని చూశాను. వెచ్చగా ఉన్నాయి. చల్లబడలేదు కాబట్టి భయం లేదు అనుకున్నాను. కానీ కాలు వదిలితే దబ్బున పడింది, గుడ్డ ముక్క పడినట్టు. "అమ్మా," అన్నాను. అమ్మ పలకలేదు. భుజం పట్టి ఊపాను. కళ్ళు సగం తెరిచి, నన్ను చూడకుండానే మళ్ళీ మూసుకుంది. ఆవిడ కాళ్ళు కూడా వెచ్చగానే ఉన్నాయి.

వెచ్చగా ఉన్న మనుషులు చచ్చిపోతారని నాకు అంతవరకూ తెలియదు. అమ్మ నాకు నేర్పింది చల్లదనానికి భయపడడం ఒక్కటే.

అప్పుడే బయట గుర్రం డెక్కల చప్పుడు. ఆగుతోంది, నడుస్తోంది, ఆగుతోంది. ఒక్కొక్క గది దగ్గర ఆగుతోంది. తలుపు తీస్తే గాలి అమ్మని చంపుతుంది. తలుపు తీస్తే కులంబర్ నిప్పు చూస్తాడు, అయ్యని కోర్టుకి లాగుతాడు. తీయకపోతే ఏమవుతుందో నాకు చెప్పినవాళ్ళు లేరు. కుంపటి వైపు చూశాను. పొగ లేదు, మంట లేదు. ఎర్రగా, మెత్తగా, ఏమీ తెలియనట్టు ఉంది.

ఎడమపక్క గోడ మీద దబదబా చప్పుడు. కాకీ. కాలికి కత్తి దెబ్బ తగిలి ఆ రోజు పనికి వెళ్ళలేదు.

"బచ్చీ! మున్నీ రోతీ కాహే నహీ? పొద్దున్నుంచి ఏడుపు లేదు. ఎందుకు ఏడవదు?"

జవాబు చెప్పబోయాను. నాలుక కదల్లేదు. మళ్ళీ కొట్టింది. "ఏ బచ్చీ! అమ్మ ఏది? బోల్!" ఆ తర్వాత పైన సంచి మీద ఏదో పొడిచిన చప్పుడు. పార కర్రతో ఆవిడ తను కుట్టిన సంచిని తనే పొడుస్తోంది. కుట్లు గట్టివి. అయ్య కుట్టినవి ఇంకా గట్టివి.

లేచి నిలబడదామంటే కాళ్ళు నావి కావు. పాకుతూ వెళ్ళి చాప లాగాను. గడియ పైకెత్తడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. తలుపు తెరుచుకుంది, గాలి మొహాన కొట్టింది. అంత చల్లటి గాలి నేను ఎప్పుడూ ఎరగను. గుమ్మంలోనే వాంతి చేసుకున్నాను.

కాకీ కుంటుకుంటూ వచ్చింది. లోపలికి ఒక్కసారి చూసి, అమ్మ చంకల కింద చేతులు వేసి, వెనక్కి నడుస్తూ వరండాలోకి లాక్కొచ్చింది. పచ్చి బాలింత, తల గుడ్డ ఊడిపోయి, జుట్టు విరబోసుకుని, అందరూ నడిచే చోట, చలిగాలిలో. నేను అరిచాను. "కాకీ, గాలి! గాలి!" "చుప్!" అని కాకీ మళ్ళీ లోపలికెళ్ళి, బిడ్డని తెచ్చి, బోర్లా అరచేతిలో వేసుకుని వీపు రుద్దడం మొదలుపెట్టింది.

గుర్రం మా ముందు ఆగింది. ఆ మనిషి దిగలేదు. అమ్మని చూశాడు, నన్ను చూశాడు, తెరిచి ఉన్న తలుపు వైపు చూశాడు. కుంపటి గుమ్మానికి ఎదురుగానే ఉంది. కాకీ బిడ్డని రుద్దుతూనే ఒక అడుగు వెనక్కి వేసి గుమ్మంలో నిలబడింది. ఇంకో అడుగు వేసి లహంగా పరిచినట్టుగా కుంపటికి ముందు కూర్చుంది.

"మాందీ హై సాహెబ్. బీమార్. జబ్బు. బుఖార్."

ఆ మనిషి ఏదో అడిగాడు. కాకీ "హాఁ సాహెబ్, హాఁ సాహెబ్" అంటూనే ఉంది. గుడ్డ కాలుతున్న వాసన నాకు వచ్చింది. గుర్రానికి కూడా వచ్చిందేమో, తల విదిలించి పక్కకి జరిగింది. జబ్బు తనకి అంటుకుంటుందనుకున్నాడో ఏమో, కులంబర్ జేబురుమాలు ముక్కుకి పెట్టుకుని గుర్రాన్ని ముందుకి తోలాడు. అతను మలుపు తిరిగాక కాకీ లేచి, లహంగా అంచు రెండు చేతుల మధ్య చరిచి ఆర్పుకుంది. "హరామీ నిప్పు," అంది. అప్పుడే చెల్లెలు ఏడ్చింది. ముందు పిల్లికూనలా, తర్వాత లైను చివరిదాకా వినబడేలా.

అమ్మ ఎంతసేపటికి కళ్ళు తెరిచిందో నేను చెప్పలేను. నేను లెక్క పెట్టలేకపోయిన సమయం నా జీవితంలో అదొక్కటే. కళ్ళు తెరిచాక ఆవిడ మొదట చేసిన పని, చెయ్యి చాపి నా కాలు పట్టుకోవడం.

సాయంత్రం మామ్మ వచ్చి చేసిన గోల లైను అంతా విన్నది.

"ఏ గుంట తీసింది తలుపు? పచ్చి బాలెంతని గాలికెట్టేసినారా? ఓలమ్మో, సంపేసినారు గదే దీన్ని!"

"నానే తీసినాను," అన్నాను.

"నేను లాగాను," అంది కాకీ. "ముసలీ, అరవకు. నీ నిప్పు తినేసింది వీళ్ళని."

"నిప్పు తింటాదేటి? నిప్పు కాపాడతాది. ఇది నిప్పు పని కాదు. పోయినేడు పోయినోడు అప్పకోసం వచ్చినాడు, అదీ సంగతి."

వాడికి అక్కని నేనే, ఆవిడ అప్ప అన్నది నన్నే. తమ్ముడి మొహం నాకు సరిగా గుర్తు కూడా లేదు. గది మూల చీకట్లో వాడున్నాడేమోనని అటు చూడకుండా కూర్చున్నాను. ఆ తర్వాత సన్నిపాతం ఎప్పుడొస్తుందా అని అందరం అమ్మ వైపే చూస్తూ గడిపాం. ఆవిడ దగ్గితే చూసేవాళ్ళం, దగ్గకపోతే చూసేవాళ్ళం. జ్వరం రాలేదు.

బొగ్గు సంగతి నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఒకసారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు అక్కడి నర్సు మాటల మధ్య చెప్పింది. మూసిన గదిలో బొగ్గు కాలిస్తే, పొగ లేకపోయినా, గాలిలో విషం ఉంటుందని. అప్పుడు నాకు అన్నీ సరిపోయాయి: తలనొప్పి, ఎర్రబడ్డ బుగ్గలు, గుడ్డ ముక్కలా పడిన కాలు. మామ్మని తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు. ఆవిడ ఊళ్ళో ఉన్నది తాటాకు గుడిసె, నూరు సందులు. అందులో పిడక పెడితే పొగకి కళ్ళు మండి ఎవరో ఒకరు తలుపు తీసేవాళ్ళు. ఆవిడ నిప్పుని తెచ్చుకుంది కానీ గుడిసెని తెచ్చుకోలేకపోయింది. ఆవిడ ఒప్పుకోలేదు కూడా. కానీ ఆ పై చలికాలం మా లైనులో ఇంకొకావిడకి పురుడు వస్తే, మామ్మ కుంపటిని గుమ్మం బయట వరండాలో పెట్టించి, తలుపు బార్లా తీయించింది. కాకీ నవ్వుతూ అడిగింది, "క్యా ముసలీ, నిప్పు బయటా?" మామ్మ మొహం ఏమాత్రం మారలేదు. "మా యూర్లో ఇలాగే ఎడతారు. నీకేటి తెలుసు?" అంది.

కానీ అది తర్వాతి మాట. ఆ రోజు సాయంత్రం మామ్మ వెళ్ళిపోయాక అమ్మ అయ్యతో, "సంచులు తీసెయ్యి," అంది.

అయ్య నమ్మలేదు. "సలి కదే. నూనె సూసినావు గదా."

"సలైతే నాకు తెలుస్తాది," అంది అమ్మ. "కాళ్ళు సల్లబడతాయి. సెయ్యేసి సూసుకుంటాను. ఇదైతే ఏటీ తెలదు. ఎచ్చగా ఉంటాది, ఎచ్చగానే తీసుకుపోతాది. తీసెయ్యి."

అయ్య బల్ల ఎక్కి కుట్లు కోశాడు. అవతల కాకీ తన సంచి కోసుకుంది. జాలీలోంచి గాలి దిగింది, దానితోపాటు ఆవిడ రొట్టె వాసనా, ఎవరిదో దగ్గూ, అన్నీ ఒక్కసారే దిగాయి. అమ్మ ఒక సంచిని నాలుగు మడతలు పెట్టి కింద వేసుకుని, చెల్లెల్ని రొమ్ము మీద పడుకోబెట్టుకుని, మీద కంబళి కప్పుకుంది. నన్ను పక్కన పడుకోమంది. ఆవిడకి భయం పోలేదు. నాకూ పోలేదు. ఆవిడ ఒళ్ళు వణకడం నాకు తెలుస్తూనే ఉంది, చలికో దేనికో. చెయ్యి మాత్రం చెల్లెలి కాళ్ళ మీదే ఉంది.

కాకీ లహంగాకి పడిన కంత అరచేతి వెడల్పు. బల్ల మీద లేచి కూర్చోగలిగిన మొదటి రోజునే అమ్మ దానికి తన చీర కొంగులోంచి ముక్క కోసి అతుకు వేసింది. ఎర్ర లహంగాకి పసుపు అతుకు. కాకీ దాన్ని కట్టుకునే గిర్మిట్ పూర్తి చేసింది.

సంచులు తీసిన మరునాడు పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి రేకు మీద తేమ చుక్కలు కడుతోంది. దూరంగా మిల్లు కూసింది, ఆ ఏటికి మొదటిసారి. అయ్య కత్తి తీసుకుని వెళ్ళిపోయాడు. నేను లేచి సీసా చూశాను. నూనె మళ్ళీ గడ్డకట్టింది, తెల్లగా, అంచుల దాకా. వంచి చూశాను. కదల్లేదు.

"గడ్డ కట్టిందా?" అంది అమ్మ.

"కట్టింది."

ఆవిడ కంబళి కిందకి చెయ్యి పోనిచ్చి చెల్లెలి పాదాలు పట్టుకుని చూసింది. చెల్లెలికి ఆ చెయ్యి చల్లగా తగిలిందేమో, ముడుచుకుని గట్టిగా ఏడుపు లంకించుకుంది.

జాలీ అవతల నుంచి నిద్రమత్తు గొంతు.

"రో రహీ హై?"

"ఏడుత్తంది, దీదీ," అంది అమ్మ.

"రోనే దో," అంది కాకీ. "ఏడవనీ."